అరువదియైదు ఆటల ఆశ

2025 అక్టోబరు 22వ తేదీ రాత్రి అమెరికాలోని డాలస్ నగరమున, మన గడియారముల ప్రకారము దీపావళి వెళ్ళిన మూడవనాటి ఉదయము ఏడు గంటలకు, శాన్ ఆంటోనియో స్పర్స్ అను బాస్కెట్‌బాల్ జట్టు 2025-26 క్రీడావత్సరమున తన తొలి ఆట ఆడబోవుచున్నది. ఎక్కడి టెక్సాస్, ఎక్కడి పుదుచ్చేరి, ఎవరి ఆటను గూర్చి ఎవరికి ఆరాటమని పాఠకులు అడుగవచ్చును. బంగాళాఖాతపుటొడ్డున వైట్ టౌన్ వీధులలో నివసించు మాబోటి కొందరికి మాత్రము ఆ జట్టు యోగక్షేమములు ఇరుగుపొరుగు యోగక్షేమములంత దగ్గరివి. ఆరు సంవత్సరములు వరుసగా ప్లే-ఆఫ్స్ అను తుది పోటీల గడప తొక్కని ఆ జట్టు ఈ ఏడైనను తొక్కునా యని వేసవి పొడుగునా తర్కించుకొన్నవారము. ఆ తర్కములో నాదొక పక్షమున్నది. జట్టు ఎన్ని ఆటలు గెలుచునను లెక్కకంటె, ఆ జట్టునకు ప్రాణమైన ఫ్రెంచి యువకుడు విక్టర్ వెంబన్యామా ఎన్ని ఆటలు ఆడగలుగునను లెక్కయే ఈ సంవత్సరము ముఖ్యమని నా దృఢవిశ్వాసము. ఎనుబదిరెండు ఆటలలో అరువదియైదింటను అతడు ఆరోగ్యముగా ఆడి, ఏప్రిల్ మాసమున నిండు శరీరముతో నిలువగలిగిన చాలును.

ఈ ఊరికిని ఈ ఆటకును గల చుట్టరికము నిన్నమొన్నటిది కాదు. 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున, చలికాలపు మంచులో బయట ఆడ వీలుపడని తన విద్యార్థులకొరకు రెండు పండ్లబుట్టలను ఎత్తున బిగించి ఈ క్రీడను కల్పించెను. రెండేండ్లకే, 1893 డిసెంబరులో, ఐరోపా ఖండమున మొట్టమొదటి ఆట పారిస్ నగరపు త్రేవీజ్ వీధిలోని వై.ఎం.సి.ఏ. భవనమున జరిగెను, ప్రపంచమున నేటికిని మిగిలియున్న బాస్కెట్‌బాల్ కోర్టులలోకెల్ల ప్రాచీనమైనది అదియే. మన దక్షిణాపథమున, 1920లో హారీ క్రో బక్ మద్రాసున స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఊరూరికిని ఈ ఆటను కొనిపోయిరి. ఒకవంక పారిస్ గాలియు వేరొకవంక మద్రాసు గాలియు సోకిన మా పట్టణమున, అరవిందాశ్రమపు వ్యాయామశిక్షణ మొదలుకొని సామాన్య పాఠశాలల ఆవరణల వరకు ఈ ఆట వేళ్ళూనుటలో వింత లేదు.

1954 నవంబరు 1న ఈ ప్రాంతపు పాలన ఫ్రెంచివారి చేతినుండి భారతదేశమునకు సంక్రమించి, 1962 ఆగస్టు 16న ఆ బదిలీ చట్టబద్ధమైనప్పుడు, కోరినవారు ఆరు మాసములలోగా ఫ్రెంచి పౌరసత్వమును ఎంచుకొనవచ్చునని ఒక ఏర్పాటుండెను. అట్లు ఎంచుకొన్న కుటుంబముల మనుమలు, మునిమనుమలు నేడు కొందరు పారిస్ శివారులలోను, కొందరు ఈ వీధులలోను పెరుగుచున్నారు. 1826 నాటి లిసే బడి విడిచిపెట్టు వేళ గేటువద్ద నిలిచిన ఆ పిల్లల నోట క్రికెట్ ఊసుతోపాటు బాస్కెట్‌బాల్ ఊసును వినబడును. సెలవులకు పారిస్‌నుండి వచ్చు బంధువుల పెట్టెలలో చాక్లెట్టు డబ్బాలతోపాటు స్పర్స్ చొక్కాలును దిగును. గోదావరి యొడ్డునున్న యానామునుండి ఉద్యోగరీత్యా వచ్చి ఇచట స్థిరపడిన నాబోటి తెలుగువారికి ఈ వ్యసనము అంటుకొన్నది ఆ పిల్లలవలననే.

మా వీధిలో ఒక పెద్దాయన యున్నారు. ఫ్రెంచి సైన్యమున పనిచేసి పింఛను పుచ్చుకొను ఇట్టివారిని ఈ ఊర సొల్దా యని పిలుతురు. ఆయనయు పుట్టుకచేత యానామువారే కావున నాకు బాబాయిగారైనారు. ఫ్రెంచి ఆటగాడు టోనీ పార్కర్ స్పర్స్ జట్టులో అడుగిడిన 2001వ సంవత్సరమునుండి ఆ జట్టు ఆటలను ఎడతెగక అనుసరించుచున్న ఆయన గోడపై, ఎర్రటి పట్టీ గల సైనిక పతకపు పటము ప్రక్కనే, వెలిసిపోయిన తొమ్మిదవ నంబరు చొక్కా యొకటి మేకునకు వ్రేలాడుచుండును. అరువదియైదు ఆటలు చాలునన్న నా మాట ఆయనకు గిట్టదు. "ఆడకపోతే ఆటగాడేంటబ్బాయీ? దాచిపెట్టుకోడానికి వాడేమన్నా అటకమీద ఆవకాయ జాడీయా?" అని గద్దించును. నేను మర్యాదకు కొంతసేపు ఊరకుండి, మరల నా వాదమునకే వచ్చెదను. ఆ వాదము అర్థము కావలెనన్న ఈ జట్టు పూర్వకథ కొంత తెలియవలెను.

స్పర్స్ జట్టు 1967లో డాలస్‌లో వేరొక పేరుతో పుట్టి, 1973లో శాన్ ఆంటోనియోకు తరలి, 1976లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగైన ఎన్.బి.ఏ.లో చేరినది. లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, షికాగోలవంటి మహానగరముల నడుమ ఇది ధనమునకు గాని ఆడంబరమునకు గాని పేరుపడిన ఊరు కాదు. ఈ జట్టు భాగ్యమంతయు జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకొను వేళ మూడు పర్యాయములు తొలి ఎంపిక తన చేతికి వచ్చుటలో ఉన్నది: 1987లో డేవిడ్ రాబిన్సన్, 1997లో టిమ్ డంకన్, 2023లో వెంబన్యామా. అయితే భాగ్యము తలుపు తట్టినప్పుడు తీయ నేర్చుటయు ఒక విద్యయే. 1996 డిసెంబరున శిక్షకుడైన గ్రెగ్ పోపోవిచ్ ఇరువదితొమ్మిది సీజనులు అదే పీఠమునందుండి, సాధారణ ఆటలలో 1,422 విజయములను గడించెను. ఆ సంఖ్యను మించిన శిక్షకుడు ఎన్.బి.ఏ. చరిత్రలోనే లేడు. 1999, 2003, 2005, 2007, 2014 సంవత్సరములలో ఐదు మారులు ఆ జట్టు విజేతగా నిలిచినది. ఇరువదిరెండు సంవత్సరములు ఒక్కమారైనను తప్పక ప్లే-ఆఫ్స్ చేరినది.

ఆ అయిదింటిలో 2014 నాటి జట్టును తలచుకొన్నప్పుడెల్ల నాకు మనసు నిండును. వర్జిన్ దీవుల డంకన్, ఫ్రాన్సునుండి పార్కర్, బోరిస్ డియావ్, అర్జెంటీనానుండి మాను జినోబిలి, ఆస్ట్రేలియానుండి పాటీ మిల్స్, బ్రెజిలునుండి టియాగో స్ప్లిటర్, ఇటలీనుండి మార్కో బెలినెల్లి, ఇట్లు దేశదేశములవారు చేరిన ఆ జట్టు, క్రిందటి సంవత్సరమే చేతికందిన కప్పును కొన్ని క్షణములలో మయామీకి జారవిడుచుకొన్న దుఃఖమును దిగమ్రింగి, అదే మయామీని తుదిపోరున 4-1తో ఓడించినది. నాటి ఆటలో చూడదగినది బంతి నడక. ఒకని చేతిలో అది నిలిచినది లేదు. తనకు మంచి అదను దొరికినను, అంతకంటె మంచి అదను ప్రక్కవానికున్నదని తోచిన క్షణముననే బంతి చేయి మారిపోవుచుండెను. స్పర్స్ అభిమానులకు రుచి మరపినది ఆ ఆటయే. నేటి జట్టును మేము కొలుచుకొను కొలమానమును అదియే.

పిమ్మట క్షీణదశ వచ్చినది. 2019-20 మొదలు 2024-25 వరకు ఆరు సీజనులు ప్లే-ఆఫ్స్ లేవు. అందులో రెండు సీజనులలో, 2022-23లోను 2023-24లోను, గెలిచినవి ఇరువదిరెండే, ఓడినవి అరువది. ఆ రెండవ సంవత్సరమున వెంబన్యామా జట్టులో ఉండియు ఫలితము అట్లే యున్నదని కొందరు పెదవి విరిచిరి. వారు సంఖ్యలను చూచిరి గాని కుర్రవానిని చూడలేదని నా అభిప్రాయము. పందొమ్మిదేండ్ల ప్రాయమున వచ్చి, డెబ్బదియొక్క ఆటలు ఆడి, సగటున 21.4 పాయింట్లును ఆటకు మూడుకు మించిన బ్లాకులును సాధించి, ఆ సంవత్సరపు ఉత్తమ నూతన క్రీడాకారుడుగా ఏకగ్రీవముగా ఎన్నికైనవాడు అతడు. ఉత్తమ రక్షకుని బహుమతి అతని స్వదేశీయుడే యైన రూడీ గోబేర్‌కు పోగా అతడు రెండవస్థానమున నిలిచెను.

అతని ఎత్తు ఏడడుగుల నాలుగంగుళములు. చేతులు బారచాచిన ఎనిమిదడుగులు. తండ్రి కాంగో మూలముల వాడు, ట్రిపుల్ జంప్‌లో పాల్గొన్నవాడు. తల్లి బాస్కెట్‌బాల్ ఆడి, పిల్లలకు నేర్పినది. ఈ వివరములన్నియు అందరు వ్రాయుదురు. అతడు బంతిని అడ్డుకొను తీరును నిదానముగా చూచినవారు తక్కువ. ప్రత్యర్థి గార్డు గీత దాటి లోనికి చొచ్చుకొనివచ్చును. వెంబన్యామా ఆవలిమూల తన మనిషి దగ్గర నిలిచియున్నాడు, దారి ఖాళీగా నున్నది. ఆ గార్డు రెండడుగులు వేసి ఎగిరిన తరువాత, ఇక వెనుదిరుగ వీలులేని క్షణమున, మూలనుండి ఒకే అంగలో ఆ పొడుగాటి చేయి వచ్చును. అది తొందరపడి పైకి లేవదు. బంతి వ్రేళ్ళకొనను విడిచిన పిదప, బుట్టవైపు దిగుట మొదలిడకముందు, ఆ రెప్పపాటులో దానిని తాకును. తాకి, ప్రేక్షకులలోనికి విసరివేయక, తరచుగా తనవారి చేతికే దించును. మరికొంతసేపటికి ఇంకొక విచిత్రము కనబడును: అతడు కదలకున్నను ప్రత్యర్థులు లోనికి వచ్చి, అతనిని చూచి, బంతితో వెనుకకు పోవుచుందురు. ఆ వెనుకకు పోయిన అడుగులకు ఏ పట్టికలోను అంకె లేదు. కాని ఆటను మార్చునది అదియే.

2024 ఆగస్టు 10న పారిస్ ఒలింపిక్స్ తుదిపోరున ఫ్రాన్సు 87-98తో అమెరికాకు ఓడినప్పుడు అతడు 26 పాయింట్లు చేసి, కన్నీళ్ళతో రజతపతకము మెడను వేసికొనెను. 2025 జనవరిలో స్పర్స్ జట్టు పారిస్‌లో ఇండియానాతో రెండాటలు ఆడగా తొలియాటను 140-110తో గెలిచినది. ఆ రాత్రి మా వీధిలో బాబాయిగారి ఇంటి దీపములు వేకువవరకు ఆరలేదు. నెల తిరుగకముందే పిడుగువంటి వార్త వచ్చినది. కుడిభుజపు లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టినదని, సీజను ముగియువరకు అతడు ఆడరాదని వైద్యులు ఫిబ్రవరి 20న తేల్చిరి. ఆటకు 24.3 పాయింట్లు, 11 రీబౌండ్లు, 3.8 బ్లాకులతో సాగుచున్న సంవత్సరము నలుబదియారవ ఆటవద్ద నిలిచిపోయినది. అరువదియైదు ఆటలైనను ఆడనివారికి ప్రధాన బహుమతులు లేవను నిబంధన 2023 నుండి అమలులో ఉన్నందున, చేతికందవలసిన ఉత్తమ రక్షకుని బిరుదమును తప్పిపోయినది.

ఈ వ్యాధిని గూర్చి తేలికగా మాటలాడరాదు. నెత్తురు పలుచబరచు మందులు వాడుచున్నవాడు ఒడలొడలు రాచుకొను ఇట్టి ఆటలో దిగరాదు, తగిలిన చిన్నదెబ్బయు ప్రాణాంతకము కావచ్చును. మయామీ జట్టునకు మూలస్తంభమైన క్రిస్ బాష్, ఇదే జాతి వ్యాధి మరల మరల తిరుగబెట్టగా, 2016 ఫిబ్రవరి తరువాత ఎన్.బి.ఏ.లో ఒక్క ఆటయు ఆడలేకపోయెను. మరొక ఆటగాడు బ్రాండన్ ఇంగ్రామ్ మాత్రము 2019లో ఇట్టి గండమునే దాటి, తిరిగివచ్చి, సంవత్సరములుగా హాయిగా ఆడుచున్నాడు. వెంబన్యామా త్రోవ ఇంగ్రామ్ త్రోవయే కావలెనని నేను ప్రతిదినము కోరుకొనుచున్నాను. జూలై మాసమున వైద్యులు అతనికి పూర్తి అనుమతినిచ్చిరి. అది విన్ననాడు నా గుండెలమీది బరువు దిగినది.

ఆ నడుమ అతడు చేసిన పనులును నాకు నచ్చినవి. జూన్‌లో చైనా వెళ్ళి షావోలిన్ దేవాలయమున శిరోముండనము చేయించుకొని, సన్న్యాసులతో కలిసి కొన్ని దినములు వ్యాయామములు, ధ్యానము అభ్యసించెను. ఆ షావోలిన్ సంప్రదాయమునకు మూలపురుషుడుగా చెప్పబడు బోధిధర్ముడు మన పొరుగున నున్న కాంచీపురపు రాజకుమారుడని ఐతిహ్యము. పుదుచ్చేరివారమైన మాకు ఆ వార్త మరింత ప్రీతిపాత్రమైనది. అటుపిమ్మట పూర్వతరపు మేటి ఆటగాడు హకీమ్ ఒలాజువాన్ వద్దకు పోయి, బుట్టకు దగ్గరగా నిలిచి పాదముల నేర్పుతో ప్రత్యర్థిని ఏమరించు విద్యను సాధన చేసెను. ఇది నా దృష్టిలో ఈ వేసవిలో జరిగిన అతిముఖ్యమైన సంగతి. క్రిందటి ఏడు అతడు ఆటకు దాదాపు తొమ్మిది మారులు దూరపు గీత వెలుపలినుండి బంతి విసరి, నూటికి ముప్పదియైదింటిని వేసెను. అది తక్కువ కాదు గాని, ఏడడుగుల మనిషి దూరమున నిలిచి విసరుచుండగా ప్రత్యర్థులు ఎంత నిశ్చింతగా నుందురో చూచినవారికి తెలియును. అందులో మూడవవంతు ప్రయత్నములను బుట్టచెంతకు మార్చుకొన్నచో, అతనికి అలసటయు తగ్గును, ఫౌల్ గీతవద్ద ఉచితావకాశములును పెరుగును.

జట్టులో తక్కినవారి సంగతి కొంత చిక్కుముడి. 2025 ఫిబ్రవరిలో శాక్రమెంటోనుండి తెచ్చిన డెయారన్ ఫాక్స్ సుడిగాలివంటి వేగము గలవాడు. ఆగస్టులో అతనికి నాలుగేండ్లకు 22.9 కోట్ల డాలర్ల ఒప్పందమును వ్రాసియిచ్చిరి. 2024లో నాలుగవ ఎంపికగా వచ్చిన స్టెఫాన్ కాసిల్ క్రిందటి సీజనున ఉత్తమ నూతన క్రీడాకారుడైనాడు. 2025 జూన్‌లో రెండవ ఎంపికగా వచ్చిన డిలన్ హార్పర్, ఐదు మారులు విజేత జట్లలో ఉన్న రాన్ హార్పర్ కుమారుడు. ముగ్గురును గార్డులే, ముగ్గురును బంతి తమ చేతిలోనున్నప్పుడే రాణించువారు. వీరిలో ఎవరికిని దూరపు విసురు నమ్మదగినంతగా అబ్బలేదు. కాసిల్ క్రిందటి ఏడు నూటికి ఇరువదితొమ్మిదింటినైనను వేయలేకపోయెను. ఫాక్స్ ముప్పదియొకటి దగ్గర ఆగెను.

దీని ఫలితమేమన్న, బయటనున్న గార్డు విసరినను వేయలేడని తెలిసిన ప్రత్యర్థులు అతనిని విడిచి, బుట్టముందర గుమిగూడి, వెంబన్యామాపై ఇద్దరు ముగ్గురుగా పడుదురు. అతడు ఒలాజువాన్‌వద్ద నేర్చుకొన్న విద్య ఆ ఇరుకులో పనికిరాకపోవును. పైగా మోచేతులు, మోకాళ్ళు తగులు దెబ్బలన్నియు అతని మేనిమీదనే. కావున ముగ్గురిని ఒకేసారి దింపవలెనను ప్రలోభమునకు శిక్షకుడు లొంగరాదు. ఎల్లప్పుడును ఇద్దరు గార్డులు, వారి ప్రక్కన డెవిన్ వాసెల్, జూలియన్ షాంపెనీ, హారిసన్ బార్న్స్‌లలో దూరమునుండి వేయగల ఇద్దరు, నడుమ వెంబన్యామా, ఇదియే సరియైన కూర్పని నాకు తోచుచున్నది. హార్పర్ తొలి సంవత్సరము బెంచినుండి వచ్చుటలో చిన్నతనమేమియు లేదు. మహానిపుణుడైన జినోబిలి అదే జట్టులో సంవత్సరముల తరబడి బెంచినుండియే వచ్చెను. తొడవెనుక కండరము పట్టివేసినందున ఫాక్స్ తొలి ఆటలకు దిగకపోవుట ఒకవిధముగా ఈ పరీక్షను వాయిదా వేయును. ఈలోగా కాసిల్ బంతి నడపుట నేర్చుకొనును.

బోస్టన్‌నుండి వచ్చిన ల్యూక్ కోర్నెట్‌ను గూర్చి పత్రికలు ఎక్కువగా వ్రాయలేదు. నాకు మాత్రము ఈ వేసవిలో జట్టు చేసిన కొనుగోళ్ళలో మేలైనది అదియే యనిపించుచున్నది. ఏడడుగులు దాటిన ఈ నిరాడంబరుడు తెరలు కట్టును, రీబౌండు పట్టును, తన పని ముగిసిన పిదప నిశ్శబ్దముగా ప్రక్కకు తప్పుకొనును. క్రిందటి ఏడు వెంబన్యామా విశ్రాంతికై కూర్చుండిన ప్రతినిమిషమును బుట్ట అనాథగా కనబడుచుండెను. ఆ భయముచేతనే అతనిని తీయవలసిన వేళకు తీయలేకపోయిరి. ఇప్పుడు తీయవచ్చును. కోర్నెట్ ఆడు ప్రతి పదినిమిషములును వెంబన్యామా ఆయుర్దాయమున చేరునని నేను లెక్కవేసికొనుచున్నాను.

2024 నవంబరు 2న ఆటకు ముందు పోపోవిచ్‌కు పక్షవాతపు తాకిడి తగిలినది. డెబ్బదియైదేండ్ల ఆ వృద్ధుడు మరల బెంచివద్దకు రాలేకపోయెను. 2025 మే 2న శిక్షకపదవిని విడిచి జట్టు వ్యవహారముల అధ్యక్షుడుగా ఉండిపోయెను. అర్ధాంతరముగా పగ్గములు పట్టిన మిచ్ జాన్సన్ అప్పటికి నలుబదికి చేరని యువకుడు. గత సీజనున అతని చేతిమీదుగా ముప్పదిరెండు విజయములు, నలుబదియైదు పరాజయములు. పూర్తికాలపు శిక్షకుడుగా ఇది అతనికి మొదటి సంవత్సరము. మహావృక్షము నీడన పెరిగినవానికి గెలుపుల ఒత్తిడి మెండుగా నుండును. తన సామర్థ్యమును త్వరగా నిరూపించుకొనవలెనను ఆతురత సహజము. ఆ ఆతురతయే నన్ను భయపెట్టుచున్నది. కీలక ఆటగాళ్ళకు ఆటలమధ్య విశ్రాంతినిచ్చు పద్ధతికి దారిచూపినది పోపోవిచ్ అని, అందుకు 2012లో జట్టు యాజమాన్యము రెండున్నర లక్షల డాలర్ల జరిమానాను సైతము చెల్లించినదని జాన్సన్ మరువకుండవలెను.

స్పర్స్ ఆడు పశ్చిమ విభాగపు అంకెలను ఇక చూతము. గత సీజనున స్పర్స్ గెలిచినవి ముప్పదినాలుగు, స్థానము పదమూడవది. నేరుగా ప్లే-ఆఫ్స్ చేరుటకు ఆరవ స్థానము కావలెను, ఆ స్థానమునకు పోయిన ఏడు నలుబదితొమ్మిది విజయములు పట్టినవి. పదవస్థానమునకే ముప్పదితొమ్మిది. విజేతయైన ఓక్లహోమా అరువదియెనిమిది గెలిచి, ఆ జట్టునంతను చెక్కుచెదరక నిలుపుకొన్నది; హ్యూస్టన్ కెవిన్ డ్యూరాంట్‌ను తెచ్చుకొన్నది; లాస్ ఏంజెలెస్‌లో లూకా డాన్సిచ్ యున్నాడు; డాలస్‌కు తొలి ఎంపికగా కూపర్ ఫ్లాగ్ వచ్చినాడు. ఒక్క వత్సరమున పదునైదు విజయములు అదనముగా రాబట్టుట అసాధ్యము కాదు గాని సులభము కాదు. నా అంచనా నలుబదియైదుకు అటునిటు. అనగా ఏడు మొదలు పది వరకు గల స్థానములవారు ఆడు ప్లే-ఇన్ పోటీలకు చేరి, అందులో ఒకటి గెలిచి, ఎనిమిదవవారుగా లోనికి ప్రవేశింతురు. అంతకుమించి వచ్చిన వచ్చుగాక. బాబాయిగారు యాబదికి ఒక్కటియు తగ్గనని పంతము పట్టియున్నారు.

ఈ జట్టును గూర్చి మాటలాడునప్పుడెల్ల యానాములోని నా బంధువులు ఒక ప్రశ్న వేయుదురు: మన తెలుగుగడ్డమీది జట్టును వదలి ఆ దూరదేశపు జట్టును పట్టుకొని వ్రేలాడుటేల? న్యాయమైన ప్రశ్నయే. 2015లో మొదలైన యు.బి.ఏ. అను భారతీయ లీగులో హైదరాబాద్ స్కై అను జట్టుండెను. దాని ఆటగాళ్ళ పేర్లు మేము కంఠస్థము చేసికొనులోగా ఆ లీగే 2017 తరువాత నిలిచిపోయినది. 2022లో ఐ.ఎన్.బి.ఎల్. వచ్చినప్పుడు ఆరు జట్లలో చెన్నై యున్నది గాని హైదరాబాద్ లేదు. 2025 ఆరంభమున ఐ.ఎన్.బి.ఎల్. ప్రో పేరిట హైదరాబాద్ ఫాల్కన్స్ వెలసినది. నేను దానిని మనసారా ఆహ్వానించినవాడను. కాని ఒక జట్టు అభిమానులను సంపాదించుటకు గెలుపులకంటె ముందు ఉనికి కావలెను: ప్రతి ఏడును అదే పేరు, అదే ఊరు, అదే ప్రాంగణము, కనీసము నలుగురైదుగురు అవే ముఖములు. అరువదిరెండు గెలిచినప్పుడును అరువది ఓడినప్పుడును శాన్ ఆంటోనియో ప్రజలు అదే భవనమునకు నడచివెళ్ళి అదే చొక్కాలు తొడిగికొని కూర్చుండిరి. హైదరాబాద్ ఫాల్కన్స్ పది సంవత్సరములు ఓడుచునే యున్నను సరే, గచ్చిబౌలి ప్రాంగణమున ప్రతి శీతకాలమును ఆడుచున్నచో, ఆ పదవయేట విశాఖనుండియు యానామునుండియు జనులు రైళ్ళెక్కి వత్తురని నేను నమ్ముచున్నాను. లీగు నడపువారు ఈ ఒక్క సంగతిని, స్థిరత్వమును, మొదట సాధింపవలెను. ఆడంబరపు దీపములు, సంగీతము తరువాత చూచుకొనవచ్చును.

మరల నా అరువదియైదు ఆటలకు వచ్చెదను. ఎన్.బి.ఏ. పట్టికలో ప్రతి జట్టునకును వరుసగా రెండు రాత్రులు ఆడవలసిన సందర్భములు పదికి మించి వచ్చును. ఈ రాత్రి ఒక ఊర ఆడి, అర్ధరాత్రి విమానమెక్కి, మరునాటి రాత్రి వేరొక ఊర ఆడవలెను. గంటల తరబడి ముడుచుకొని కూర్చుండు విమానప్రయాణము, అలసట, సరిగా నీరు త్రాగకపోవుట, ఇవి గడ్డకట్టు నెత్తురునకు మిత్రములని వైద్యులు చెప్పుదురు. అట్టి జంటరాత్రులలో రెండవదానికి వెంబన్యామాను దింపరాదని నేను కోరుచున్నాను. ఈ లెక్కను పాటించినను అరువదియైదుకు పైగా ఆటలు అతనికి మిగులును. బహుమతుల నిబంధనయు తీరును. ఆ ఉత్తమ రక్షకుని బిరుదము ఈసారి అతని ఇంటికి వచ్చును. జట్టు అందువలన నాలుగైదు ఆటలు నష్టపోవచ్చును. ఆ నష్టమునకు నేను ఇప్పుడే సిద్ధపడియున్నాను, ఏలనన సీజను మొదలగునాటికి ఈ కుర్రవానికి ఇంకను ఇరువదిరెండేండ్లు నిండలేదు, డంకన్ నలుబదియేండ్ల వరకు ఆడెను.

డిసెంబరు 25న స్పర్స్ జట్టు విజేతయైన ఓక్లహోమాతో వారి ఊరనే ఆడవలసియున్నది. మనకది 26వ తేదీ రాత్రి ఒంటిగంట. ఆ వేళకు డ్యూమా వీధిలోని దేవమాత చర్చికి కట్టిన దీపములు ఇంకను వెలుగుచుండును, క్రిస్మసు విందులకు వచ్చిన బంధువులు ఇండ్లనిండ నుందురు, బాబాయిగారింట పెద్దతెర ముందర వీధి వీధంతయు చేరును. ప్రపంచమంతయు చూచు ఆట యని, ప్రకటనదారులు కోట్లు పోసినారని, అతనిని ఎట్లయినను దింపవలెనని జట్టుపై ఒత్తిడి వచ్చుట నిశ్చయము. అంతకు ముందటి దినములలో అతని భుజమున గాని పిక్కలో గాని ఏ కొంచెము నలత కనబడినను, మిచ్ జాన్సన్ అతనిని బెంచిమీద కూర్చుండబెట్టి కోర్నెట్‌ను పంపవలెను. ఆ రాత్రి ఒంటిగంటకు మేలుకొని, అతడు ఆడని ఆటను తుదివరకు చూచుటకు నేను సంసిద్ధుడను. బాబాయిగారితో తగవు పడుటకును సంసిద్ధుడనే.